పాత నీళ్లు

చేపని బతికుండగా అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో, మిరుగు రోజు, క్యూలో. నాన్న చేతిలో ఒక పాలిథిన్ కవరు, కవర్లో కాసిని నీళ్లు, ఆ నీళ్లలో రెండంగుళాల కొర్రమట్ట పిల్ల. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్నకి ఉబ్బసం. వరసగా మూడేళ్లు చేపమందు తీసుకోవాలని ఎవరో చెప్పారు, అది రెండో ఏడు. క్యూ కదలట్లేదు, ఉక్కపోత. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుందామని కవరు నా చేతికిచ్చాడు. నేను దాన్ని కళ్లకెదురుగా ఎత్తి పట్టుకున్నాను. చేప పైకొచ్చి నోరు తెరిచింది. మళ్లీ కిందికెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చింది.

"నాయినా, దీనికి ఊపిరాడ్తలేదు."

"ఆడుతది బిడ్డా. అది పైకొచ్చి గాలి పీలుస్తది. చెరువెండినా బురదల బతుకుతది."

మూడు గంటల తర్వాత నాన్న దాన్ని మింగాడు. తగ్గిందా అని అడగకండి, ఈ వ్యాసం దాని గురించి కాదు. బత్తిని కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే ఆ మందు గురించి వాదించేవాళ్లు రెండు వైపులా చాలామందే ఉన్నారు. నాకు మిగిలింది వేరే ప్రశ్న. అన్ని కొంచెం నీళ్లలో, అంత వేడిలో, ఆ చేప మూడు గంటలు ఎట్లా బతికింది? పాతికేళ్ల తర్వాత ఆ ప్రశ్న తిరగబడి నా ఇంటికే వచ్చింది. యాభై లీటర్ల తొట్టిలో, ఫిల్టరూ ఎయిర్ పంపూ అన్నీ పెట్టాక కూడా, నా చేపలు ఆరు రోజులు ఎందుకు బతకలేదు?

*

ఆబిడ్స్ పేరే ఒక దుకాణం నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మేనియన్ ఇక్కడ షాపు పెట్టాడు. షాపు పోయింది, పేరు మిగిలింది. ఆదివారాలు ఇక్కడి షటర్లు దించేశాక వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఈ పత్రిక చదివేవాళ్లకి ఆ ఫుట్‌పాత్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

నాలుగేళ్ల కిందట అక్కడే, జావా గైడ్లకీ వంటల పుస్తకాలకీ మధ్య, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. ఫిలడెల్ఫియాలో ప్రెస్ నడిపిన విలియం ఇన్నెస్ రాసిన 'ఎగ్జాటిక్ అక్వేరియం ఫిషెస్'. తొలి ముద్రణ 1935లో వచ్చింది. నాకు దొరికింది ఎన్నో ముద్రణో చెప్పే పేజీ లేదు. ఇంట్లో అక్వేరియం పెట్టుకునే అమెరికన్లకి అది దశాబ్దాల పాటు పెద్దబాలశిక్ష లాంటిది. 1936లో నియాన్ టెట్రా అనే చిన్న చేపకి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు అందులో ఇన్నెస్ పేరే చేర్చారు. నీలం గీత, దాని కింద ఎర్ర గీత. అమెజాన్ ప్రాంతపు చేప. ఆ బొమ్మ చూసి పడిపోయాను.

ఆ వారమే ఆబిడ్స్‌లో ఒక సందు లోపలున్న షాపులో రెండడుగుల తొట్టి, పది నియాన్లు కొన్నాను. మూడో రోజు చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నాంపల్లి కవరు గుర్తొచ్చింది. వీటికి గాలి చాలట్లేదనుకుని ఇంకో పంపు పెట్టాను. నీళ్లు మబ్బుగా ఉన్నాయని మొత్తం మార్చాను. మర్నాడు మళ్లీ మార్చాను. ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా ఉతికాను. ఆఫీసులో బగ్ పట్టుకునే పద్ధతే ఇదీ: ఒక్కోటి మార్చి చూడటం. ఆరో రోజుకి తొట్టి తళతళలాడుతోంది. అందులో చేపల్లేవు.

నాన్న మధ్యలో ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి చూసి, "నీళ్లు దినాం మార్చకు. పాతబడనియ్యి," అన్నాడు. నేను వినలేదు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టేస్తుందని కదా మనం నేర్చుకున్నది. సాహిత్య సభల్లో ఎన్నిసార్లు విన్నాం ఆ మాట.

*

ఇంట్లో గాజు తొట్టి పెట్టి అందులో చేపల్నీ మొక్కల్నీ కలిపి బతికించవచ్చని మొదట శాస్త్రీయంగా రాసినవాళ్లలో రాబర్ట్ వారింగ్టన్ ముఖ్యుడు. లండన్‌లో అపోథికరీస్ హాల్ అనే మందుల సంస్థలో కెమిస్టు. గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ని ఉంచడం అప్పటికే పాత సరదా. కాకపోతే రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే చస్తాయి. మార్చకుండా బతికించవచ్చా అన్నది వారింగ్టన్ ప్రశ్న.

దానికి సగం జవాబు అప్పటికే ఉంది. 1771లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా మొక్క మళ్లీ బాగుచేస్తుందని చూశాడు. 1779లో ఇంగెన్‌హౌస్, ఆ పని వెలుతురులోనే జరుగుతుందనీ, మొక్కలో ఆకుపచ్చ భాగాలే చేస్తాయనీ చూపించాడు. మరి నీళ్లలో కూడా అంతే జరగాలి కదా? వారింగ్టన్ ఒక పెద్ద గాజు పాత్రలో ఇసుక, మట్టి, రాళ్లు వేసి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లనీ, రిబ్బన్లలా పొడుగ్గా పెరిగే వాలిస్నేరియా మొక్కనీ పెట్టాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత మొక్క పాత ఆకులు కుళ్లి నీళ్లు మసకబారాయి, గాజుకి పాచి పట్టింది. అప్పుడాయన చేసిన పని నాకు చాలా నచ్చింది. నీళ్లు పారబొయ్యలేదు. చెరువు నత్తలు కొన్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్లినదాన్ని, పాచిని తినేశాయి. నత్తల గుడ్లని చేపలు తిన్నాయి. నీళ్లు తేటపడ్డాయి. ఈ సంగతంతా 1850లో లండన్ కెమికల్ సొసైటీకి రాసి సమర్పించాడు. చేప విడిచే బొగ్గుపులుసు గాలిని మొక్క తీసుకుని ఆక్సిజన్ ఇస్తుంది, చెత్తని నత్త తింటుంది, లెక్క సరిపోయింది, ఇదీ ఆయన చెప్పిన సమతుల్యం.

సరిగ్గా ఆ కాలానికి గాజు చవకయింది. బ్రిటన్‌లో గాజు మీద సుంకం 1845లో ఎత్తేశారు. మన నాంపల్లి చేపమందు కథ మొదలైందనే సంవత్సరమే. రెండింటికీ సంబంధమేమీ లేదు, కానీ గుర్తుపెట్టుకోవడానికి నాకు వీలుగా ఉంది. 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు, ఆ పేరు జనం నోళ్లలో నాటుకుంది. మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి తొట్లు వచ్చాయి. పదేళ్లు తిరక్కుండానే చాలా ఇళ్లలో అవి మూలపడ్డాయి. పుస్తకంలో చెప్పినట్టే మొక్కా చేపా పెట్టినా చేపలు చచ్చిపోతుంటే ఎవరికైనా విసుగొస్తుంది.

నాకు జరిగిందే వాళ్లకీ జరిగింది. చేప నోరు తెరిచిందంటే ఆక్సిజన్ చాలట్లేదని అనుకున్నాం, నేనూ వాళ్లూ. మా ఇద్దరికీ తెలియని రెండో సగం ఒకటి ఉంది.

*

ఆ రెండో సగాన్ని వెలికితీసినవాళ్లలో ఒకడు వారింగ్టన్ కొడుకే. అతని పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. 1838లో పుట్టాడు. తండ్రి ఆ పత్రం సమర్పించేనాటికి పదకొండు పన్నెండేళ్ల పిల్లాడు. పెద్దయ్యాక తనూ కెమిస్టే అయ్యాడు, కానీ చేపల జోలికి పోలేదు. రాథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పొలం మట్టి మీద పనిచేశాడు. ఎరువులో ఉన్న అమ్మోనియా మట్టిలో నైట్రేటుగా ఎలా మారుతుందన్నది అక్కడి ప్రశ్న.

అది ఉత్త రసాయన చర్య కాదనీ, ఏవో సూక్ష్మజీవులు చేస్తున్న పని అనీ 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు తేల్చారు. మురుగునీటిని ఇసుక గుండా పోనిస్తే కొన్నాళ్లకి నైట్రేటు రావడం మొదలైంది, క్లోరోఫాం ఆవిరి తగిలించగానే ఆగిపోయింది. మత్తుమందుకి ఆగిపోయిందంటే అక్కడ ప్రాణమున్నదేదో ఉండాలి. కొడుకు వారింగ్టన్ దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అతను చూపించిన ముఖ్యమైన సంగతి: ఇది రెండంచెల పని. ఒక రకం జీవులు అమ్మోనియాని నైట్రైటు చేస్తాయి. ఇంకో రకం జీవులు నైట్రైటుని నైట్రేటు చేస్తాయి. ఆ జీవుల్ని విడదీసి పట్టుకోవడం మాత్రం అతని వల్ల కాలేదు. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేశాడు. పేరు ఆయనకి దక్కింది.

ఇప్పుడు నా తొట్టికి రండి. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. కొత్త తొట్టిలో దాన్ని మార్చే బాక్టీరియా ఉండదు. అది కొద్దికొద్దిగా పోగై మొప్పల్ని దెబ్బతీస్తుంది. నైట్రైటు దశకొచ్చినా గండమే. అది రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే గుణాన్ని పాడుచేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకి ఊపిరాడదు. అందుకే పైకొచ్చి నోరు తెరుస్తుంది. పంపు మీద పంపు పెట్టి ఏం లాభం?

దీనికి తోడు మా అపార్టుమెంటులో బోరు నీళ్లు, కాస్త క్షారం ఎక్కువ. అమ్మోనియాలో చేపకి హాని చేసే రూపం పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికి పీహెచ్ 8 దగ్గర దాదాపు పది రెట్లు ఉంటుంది. బాక్టీరియా తగినంత పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి ఎక్కువగా నీళ్లలో తేలుతూ ఉండవు. స్పాంజిని, గులకరాళ్లని, ఆకుల్ని అంటిపెట్టుకుని జిగురుపొరలా ఉంటాయి. నేను కుళాయి కింద తెల్లగా ఉతికింది ఆ పొరనే. కుళాయి నీళ్లలో క్లోరిన్ కూడా ఉంటుంది, దాన్ని కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. రోజూ సున్నా దగ్గరికి తెచ్చి, మర్నాడు ఎందుకు నడవట్లేదని అడిగాను.

మరి తండ్రి వారింగ్టన్ తొట్టి ఎలా నడిచింది? చేపలు రెండే, చిన్నవి. మొక్క అమ్మోనియాని నేరుగా కూడా పీల్చుకుంటుంది. ఇసుకలోనూ నత్తలతో పాటు వచ్చిన మురికిలోనూ ఆ కనిపించని జీవులు చేరి ఉంటాయి. ఆయన రాసిన లెక్కలో వాటి పేరు లేదు. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు పొలం మట్టిలో వాటి జాడ తీశాడు. ఆ కథ అక్కడితో అయిపోలేదు కూడా. మంచినీటి అక్వేరియంలలో రెండో అంచె పని చేసేది అందరూ అనుకుంటూ వచ్చిన నైట్రోబాక్టర్ కాదనీ, నైట్రోస్పైరా జాతివనీ 1998లో గానీ తెలియలేదు.

నాన్న "పాతబడనియ్యి" అన్నది సగం కరెక్టు. పాతదనం నీళ్లలో లేదు, మురికిలో ఉంది.

*

నాంపల్లి ప్రశ్నకి జవాబు మాత్రం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. ఉస్మానియా యూనివర్సిటీ తరగతులు 1919లో మొదలైంది ఇప్పటి క్యాంపస్‌లో కాదు, గన్‌ఫౌండ్రీలో. ఆబిడ్స్ పుస్తకాల ఫుట్‌పాత్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ ఉస్మానియాలో జువాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన బి.కె. దాస్ గాలి పీల్చే చేపల మీద పనిచేసినవాడు. భారతదేశపు గాలి పీల్చే చేపల జీవన విధానం గురించీ, వాటి శ్వాసాంగాలు ఎలా ఏర్పడతాయన్న దాని గురించీ ఆయన రాసిన పెద్ద పత్రం 1927లో లండన్ రాయల్ సొసైటీ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో అచ్చయింది.

కొర్రమట్టకి మొప్పలున్నాయి, కానీ అవొక్కటే చాలవు. తలలో మొప్పల పైన గాలి నింపుకునే గదులుంటాయి. కాసేపటికోసారి పైకొచ్చి గుక్కెడు గాలి తీసుకోవాల్సిందే. పైకి రానివ్వకుండా నీళ్లలోనే వల అడ్డం కడితే, ఎంత మంచి నీళ్లయినా సరే, ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప! ఎండాకాలం అడుగంటిన చెరువుల్లో బురదలో బతకడానికి వచ్చిన ఏర్పాటు అది. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. ఆ కవర్లో చేప నోరు తెరవడం, నా తొట్టిలో నియాన్ నోరు తెరవడం, చూడ్డానికి ఒకటే. ఒకటి బతుకుతోంది, ఇంకోటి చస్తోంది. తొమ్మిదేళ్లప్పుడు బతికేదాన్ని చూసి చస్తుందనుకున్నాను. ముప్పై నాలుగేళ్లకి చచ్చేవాటిని చూసి గాలి పెడితే బతుకుతాయనుకున్నాను.

*

నియాన్ల తర్వాత నేను మొదట మొక్కలు పెట్టాను. షాపులో రబ్బరు పట్టీతో కట్టిన చిన్న కట్ట అరవై రూపాయలు. పేరడిగితే హైడ్రిల్లా అన్నాడు. ఇంటికి తెచ్చి నీళ్లలో వదలగానే నాన్న నవ్వాడు. "దీనికి పైసలు వెట్టినవా? మా చెర్ల నాచు గదరా ఇది. కాళ్లకు చుట్టుకుంటుండె."

నిజమే. సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కల్ని గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో 1795 నుంచి 1820 దాకా 300 చిత్రాలతో వెలువడ్డ సంపుటాల్లో ఈ నాచు కూడా ఉంది, అప్పటి పేరు సర్పిక్యులా. బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులు. ఇంకో నీటిమొక్కని ఆయన వాలిస్నేరియా ఆక్టాండ్రా అన్నాడు. ఇప్పుడు దాన్ని బ్లిక్సా అంటారు. ఆ బ్లిక్సా జాతి మొక్కల్ని అక్వేరియం సరదా ఉన్నవాళ్లు ప్లాస్టిక్ డబ్బాల్లో ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నారు. ఇన్నెస్ పుస్తకంలో 'ఎగ్జాటిక్' అని మురిపెంగా వర్ణించిన జీబ్రా చేప 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరీవాహక ప్రాంతపు చేపల పుస్తకంలో వర్ణించినదే. ఎవరి గుమ్మంలో నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి అన్యదేశం మారిపోతుంది.

ఇది ఊరికే సరదా సంగతైతే బాగుండేది. 1950ల మొదట్లో ఫ్లోరిడాలోని టాంపాలో ఒక అక్వేరియం వ్యాపారి శ్రీలంక నుంచి హైడ్రిల్లా తెప్పించాడు. అది కాలవల్లోకి పాకింది. ఇప్పుడు అక్కడి నీళ్లని కమ్మేసే కలుపుల్లో ముఖ్యమైనది అదే. మనకి అటునుంచి వచ్చిన బాకీ గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర్లో అందమైన ఊదాపూల మొక్కగా బెంగాల్‌లో దిగింది. హైదరాబాద్ చెరువుల మీద పచ్చటి తివాచీలా పరుచుకున్నది అదే. దాన్ని పెంచుతున్నదేమిటి? మురుగులో వచ్చే నైట్రోజన్, ఫాస్ఫరస్. మళ్లీ అదే లెక్క. నా తొట్టిలో పది చేపల వ్యర్థం, చెరువులో ఒక నగరం వ్యర్థం.

ఫిష్ ట్యాంక్‌లో ట్యాంక్, ట్యాంక్‌బండ్‌లో ట్యాంక్ ఒకే మాట. గుజరాతీ, మరాఠీల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిందని కొందరు, పోర్చుగీసు నుంచని కొందరు అంటారు. మన దేశంలోని ఇంగ్లీషువాళ్లకి ట్యాంకంటే చెరువే. 1560లలో తవ్విన హుస్సేన్‌సాగర్ పక్కనుంచి రోజూ ఆఫీసుకి పోతూ నేను ఆ మాటని ఎప్పుడూ పట్టించుకోలేదు. చెరువుకి స్పాంజి ఎక్కడుంటుంది? లోతు లేని అంచుల్లో, తుంగలో, జమ్ములో, బురదలో. చెరువు అందంగా కనబడాలని మనం మొదట తీసేసేది దాన్నే. అంచు చుట్టూ రాయి కడతాం, బురద తీస్తాం, రంగుల లైట్లు పెడతాం. ఎండాకాలంలో ఏదో ఒక చెరువులో చేపలు తేలాయని పేపర్లో ఫొటో వస్తుంది. నేను నా తొట్టికి చేసిందానికీ దీనికీ తేడా నాకు పెద్దగా కనబడదు. నేను పది నియాన్లతో నేర్చుకున్నాను, అంతే.

*

ఆ ఆరో రోజు తర్వాత ఖాళీ కవరు పట్టుకుని మళ్లీ ఆబిడ్స్ షాపుకి వెళ్లాను, ఇంకో పది చేపల కోసం. షాపాయన పెద్దాయన. నన్ను గుర్తుపట్టి, చేపలు తీసుకుపోయి ఎన్ని రోజులైందని అడిగాడు. చెప్పాను. నీళ్లు ఎన్నిసార్లు మార్చావన్నాడు. చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్లి, తన పెద్ద తొట్టి ఫిల్టర్‌లోంచి గోధుమరంగు స్పాంజి ఒకటి తీసి, ఒక కవర్లో పిండాడు. టీ డికాషన్ లాంటి నీళ్లు. ఆ స్పాంజిలోంచే ఒక ముక్క కోసి అందులో వేసి మూతి ముడేశాడు.

"యే లేజావ్ బాబూ. మఛ్లీ అభీ నక్కో."

పైసలివ్వబోతే తీసుకోలేదు. చేపలు నాలుగు వారాల తర్వాత అమ్ముతానన్నాడు. తన బేరం తనే పోగొట్టుకుంటున్నాడు కదా అనిపించింది. ఈ బాక్టీరియా గురించి ఆయన ఏం చదివాడో అడగలేదు. వారింగ్టన్ల కథ నేను చదివింది ఆ తర్వాతే.

నాంపల్లి మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ అతను నా కవరు లైటుకి అడ్డంగా ఎత్తి పట్టుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను చిన్నప్పుడు పట్టుకున్నట్టే.

"ఏమున్నయన్నా ఇండ్ల? చేపలా?"

"లేవు," అన్నాను. "పాత నీళ్లు."

అతను నా మొహం చూసి, కవరు తిరిగిచ్చేశాడు.